టెర్మినల్ సర్వరు పదవిలో నేను

భార్యాభర్తలు అప్పుడప్పుడూ మాటలు మానేయడం ఇంటికెంతో మంచిది! నవ్వకండి. దీన్ని నిరూపించడానికి నా దగ్గర ఏకంగా ఒక యంత్రమే ఉంది.

దాని పేరు టెర్మినల్ సర్వరు. మా కోడలు నెట్‌వర్క్ ఇంజనీరు. వాళ్ల కంపెనీ బ్రాంచి ఆఫీసులన్నిటినీ కలిపే రౌటర్లూ స్విచ్చులూ ఆవిడగారి పెంపకంలోనే ఉన్నాయి. వాటిలో ఒక్కటి అలిగినా ఆఫీసు ఆఫీసంతా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. పోనీ ఇక్కణ్ణించే బుజ్జగిద్దామంటే, తెగిపోయిన లైనులో కబురెలా పంపుతాం? అందుకని రౌటర్ల పక్కనే ఒక పెట్టె పెడతారట. దాని వెనక నుంచి ప్రతి రౌటరుకీ ఒక కేబులు. పెట్టెకి మాత్రం విడిగా ఒక ఫోన్ లైను. అసలు దారి మూసుకుపోయినా, ఈ పక్క లైనులో పెట్టె దగ్గరికి చేరి, దాని ద్వారా రౌటరుతో మాట్లాడి దారికి తెచ్చుకోవచ్చు.

ఇదంతా మా కోడలు ఒక ఆదివారం తీరిగ్గా వివరిస్తుంటే నాకు ఒళ్లు పులకరించింది. ఎందుకంటారా? ఆ పెట్టె నేనే!

మా అబ్బాయికీ కోడలికీ మాటలు ఆగిపోయినప్పుడల్లా మా ఇల్లు నా మీదుగానే నడుస్తుంది. కారణాలు పెద్దవేం కావు. ఏసీ ఎంతలో పెట్టాలన్నది ఒకసారి, కారు దారి తప్పినప్పుడు "నేను ముందే చెప్పాను" అని ముందు ఎవరన్నారన్నది ఇంకోసారి. వెంటనే మెయిన్ లైను డౌన్! సోఫాకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు, మధ్యలో నేను.

"అత్తయ్యా, గ్యాసు అయిపోయిందని మీ అబ్బాయికి చెప్పండి" అంటుంది కోడలు, వాడి మోచేతికి జానెడు దూరంలో నిలబడి.

"అమ్మా, పొద్దున్నే బుక్ చేశానని చెప్పు" అంటాడు వాడు, టీవీకేసి చూస్తూ.

నేను చెబుతాను. అంత చదువుకున్నవాళ్లు ఇద్దరు నా నోటికేసి చూస్తూ కూర్చుంటే, ఆ దర్జాయే వేరు!

పైగా నేను కంపెనీ పెట్టె కంటే మెరుగైన మోడల్ని. అది ఇచ్చిన అక్షరాన్ని ఇచ్చినట్టే దాటించేస్తుంది, పాపం, దానికి లోకజ్ఞానం లేదు. "చెవులు పనిచేస్తున్నాయో లేదో డాక్టరుకి చూపించుకోమనండి" అని కోడలంటే, "నీ ఆరోగ్యం గురించి బెంగ పెట్టుకుందిరా" అని నేను అందిస్తాను. "తన ఇష్టం వచ్చినట్టు ఏడవమను" అని వాడంటే, "నీ ఇష్టమే తన ఇష్టమటమ్మా" అంటాను. ఏ కంపెనీ పెట్టె చేస్తుందండీ ఈ సేవ?

అయితే ఈ పదవికొక కఠిన నియమం ఉంది. దాన్ని నేను దెబ్బతిని నేర్చుకున్నాను. ఒకసారి వాళ్ల వాదన మధ్యలో, "వాడు చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా, నువ్వే సర్దుకుపోవాలి" అని నోరు జారాను. అంతే! కోడలికి నాతోనూ మాటలు బంద్. భోజనాల దగ్గర ఉప్పు కావాలన్నా ఎవరికి వారు లేచి తెచ్చుకోవాల్సి వచ్చింది.

విచిత్రమేమిటంటే, అదే వారం కోడలి ఆఫీసులోనూ ఇదే జరిగింది. ఒక బ్రాంచిలో పెద్ద స్విచ్చు చచ్చిపోయింది. పక్క లైను ఉందిగా అని ధీమాగా చూస్తే, అదీ పలకలేదు. పాపం పిల్ల టాక్సీ ఎక్కి మండుటెండలో అంత దూరం వెళ్లి చూస్తే ఏముంది? విడిగా ఫోన్ లైను దండగని అక్కడి మేనేజరు దాన్ని పీకించేసి, పెట్టెని తీసుకెళ్లి ఆ పెద్ద స్విచ్చుకే తగిలించాడట! మునిగేవాణ్ణి బయటికి లాగాల్సిన తాడుని, రెండు కొసలూ వాడి నడుముకే కట్టేశాడన్నమాట.

ఇంటికొచ్చి తల పట్టుకుని, "కాపాడాల్సిన పెట్టెని ఎవరైనా మునిగే స్విచ్చుకే కట్టేస్తారా అత్తయ్యా?" అంది. కోపం మర్చిపోయి నాతోనే అంది! నేను చేసిందీ అదేగా, వెళ్లి వాడి పక్షానికి తగులుకున్నాను! ఆ రోజు నుంచీ నేను ఎవరి పక్షమూ కాను.

ఇంత నిష్ఠగా చేసుకుంటున్న నా ఉద్యోగానికి ఇప్పుడు ఎసరు పెట్టారు. ఎలాగంటారా? వాళ్లిద్దరూ పోట్లాడుకోవడం మానేశారు! నెల దాటింది. ఎప్పుడు చూసినా గుసగుసలూ నవ్వులూనే. గ్యాసు సంగతి వాళ్లే తేల్చేసుకుంటున్నారు. సినిమాకి వెళ్లాలని వాళ్లే అనేసుకుని, చెప్పులేసుకుంటూ గుమ్మంలోంచి "వెళ్లొస్తాం" అంటున్నారు. దీన్ని మీరు దాంపత్యం అంటారు. నేను నిరుద్యోగం అంటాను!

మెయిన్ లైను బాగున్న ఇంట్లో పక్క లైనుతో ఎవరికండీ పని? వాళ్లు మాట్లాడుకుంటున్నంత కాలం నాతో మాట్లాడేవాళ్లు లేరు. టీవీలో వాతావరణం చెప్పే అమ్మాయి ఒక్కతే నా మొహం చూసి మాట్లాడుతోంది. నాకు కష్టంగానే ఉంది. ఉన్నమాట చెప్పుకుంటే తప్పేముంది?

మొన్న సోమవారం కోడలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, పక్క లైన్లలో బ్రాంచి బ్రాంచి పెట్టె దగ్గరికీ వెళ్లి వస్తోంది. ఏమైనా పాడైందా అని అడిగాను.

"ఏం లేదత్తయ్యా. వారానికోసారి ఊరికే పలకరించి చూడాలి. లేకపోతే అవసరానికి పలకవు."

విన్నారా! ఇనప పెట్టెకి వారం వారం కుశలప్రశ్న! అన్నీ సవ్యంగా ఉన్న రోజున, ఏ కబురూ మొయ్యనక్కర్లేకుండా, ఊరికే!

"మరి పలకకపోతే ఏం చేస్తావమ్మా?"

"ఏం చేస్తాం? ఎంత పనున్నా ఆపేసి, లేచి దాని దగ్గరికే వెళ్లాలి."

ఆ సాయంత్రం నా గదిలో కూర్చుని ఉండగా, వంటింట్లోంచి "అత్తయ్యా, టీ తాగుతారా?" అని కేకేసింది. నాకు చక్కగా వినబడింది. పలకలేదు. మళ్లీ పిలిచింది. పలకలేదు. స్టవ్ కట్టేసిన చప్పుడు, గబగబా అడుగులు. వచ్చి మంచం మీద నా పక్కనే కూలబడి, నుదుటి మీద చెయ్యి వేసి, "ఒంట్లో బాగాలేదా అత్తయ్యా?" అంది.

ఒంట్లో బ్రహ్మాండంగా ఉంది. కానీ ఆ మాట చెబితే లేచి వెళ్లిపోతుంది కదా!

"చెబుతాను, కూర్చో" అన్నాను.