ఓడిపోయే పార్టీకే నా ఓటు

ప్రతి మనిషికీ సొంత ఇల్లు లేకపోయినా ఫర్వాలేదు గానీ, ఎన్నటికీ గెలవని పార్టీ ఒకటి ఉండి తీరాలి!

నవ్వకండి. అమెరికాలో, న్యూజెర్సీలోని ఐసెలిన్‌లో పదకొండేళ్ళుగా పెనం ముందు నిలబడి దోసెలు పోస్తున్నవాణ్ణి. చదువు ఏడో తరగతితో ఆగింది. కాబట్టి నేను చెప్పేది పుస్తకాల్లోంచి ఎత్తుకొచ్చింది కాదు, చెయ్యి కాలి తెలుసుకున్నది.

గెలిచే పార్టీతో ఎంత యాతనో ఆలోచించండి. మీరు ఓటేస్తారు. అది గెలిచి కూర్చుంటుంది. ఇక నాలుగేళ్ళూ మీరు దాన్ని వెనకేసుకు రావాలి. అది యుద్ధానికి పోతే సంజాయిషీ మీది. గ్రీన్‌కార్డ్ క్యూ కదలకపోతే పుట్టినరోజు పార్టీలో నలుగురూ మీ మొహమే చూస్తారు. అదే అమెరికాలో సోషలిస్ట్ పార్టీకి ఓటేశారనుకోండి, ఎవడు అడుగుతాడు? యుద్ధం మీది కాదు. పన్ను మీది కాదు. రోడ్డు మీద గుంట కూడా మీది కాదు. మంగళవారం ఓటేసి బుధవారం పొద్దున్నుంచే హాయిగా అందర్నీ తిట్టుకోవచ్చు!

ఈ జ్ఞానం నాకు 2013 మే నెలలో కలిగింది. హెరాల్డ్ అని ఒక తెల్లాయన, రిటైరైన స్కూల్ టీచరు, చేతిలో అట్ట, దాని మీద కాగితాలు పట్టుకుని మా రెస్టారెంట్‌కి వచ్చాడు. రాష్ట్ర అసెంబ్లీకి వాళ్ళ సోషలిస్ట్ అభ్యర్థిని నిలబెడుతున్నారట. బ్యాలెట్ మీద పేరు ఎక్కాలంటే వందమంది ఓటర్ల సంతకాలు కావాలట. మధ్యాహ్నం రద్దీ తగ్గిన వేళ. మసాలా దోసె తింటూ పార్టీ చరిత్ర మొత్తం నాకు అప్పజెప్పాడు.

ఏం చరిత్రండీ అది! యూజీన్ డెబ్స్ అని ఒకాయన ప్రెసిడెంట్ పదవికి ఐదుసార్లు నిలబడి ఐదుసార్లూ ఓడిపోయాడు. ఐదోసారి, 1920లో, ఏకంగా జైల్లోంచే పోటీ చేశాడు. తొమ్మిది లక్షల పైచిలుకు ఓట్లొచ్చాయి. మన దేశంలో జైల్లోంచి నిలబడితే గెలిచి తీరతారు. ఈయన జైల్లోంచి కూడా ఓడిపోయాడు. ఎంత నిజాయితీ!

మిల్వాకీ ఊళ్ళో మాత్రం పొరపాటున గెలిచారు. ఒకరు కాదు, ముగ్గురు మేయర్లు. గెలిచి ఏం చేశారు? మురుగుకాలవలు బాగుచేశారు. తోటి సోషలిస్టులే వాళ్ళని మురుగుకాలవ సోషలిస్టులని వెక్కిరించారట. ఉపయోగపడే పని చేస్తే సొంతవాళ్ళే ఊరుకుంటారా?

ఇక చీలికలు! 1919లో చీలారు. డెబ్బైల్లో, మిగిలిన ఆ గుప్పెడుమందీ మళ్ళీ మూడు ముక్కలయ్యారు. ముక్కకో అధ్యక్షుడు, ముక్కకో కార్యదర్శి, ముక్కకో లెటర్‌హెడ్! మన తెలుగు సంఘాలు గుర్తొచ్చి నాకు కళ్ళు చెమర్చాయి. 2008లో వాళ్ళ ప్రెసిడెంట్ అభ్యర్థికి దేశం మొత్తమ్మీద ఏడువేల ఓట్లు కూడా రాలేదట. మన కన్వెన్షన్‌లో బిరియానీ లైన్ అంతకంటే పొడుగుంటుంది.

ఇదంతా వింటూ మా ఓనరు పరంధామయ్య గారు ఉప్పొంగిపోయారు. ఆయన సామాన్యుడు కాదు. విజయవాడలో ఎర్రజెండా మోసినవాడు. ప్రతి ఏడాదీ మేడేనాడు కస్టమర్లకి ఉచితంగా పాయసం పోసి, "మేడే పుట్టింది చికాగోలోనేనయ్యా!" అని అరగంట ఉపన్యసిస్తారు. ఆ పాయసం వండడానికి మేం రెండు గంటలు ముందొస్తాం. మా రెస్టారెంట్‌కి సోమవారం సెలవు. ఆ సెలవు రోజున మేం పిండి రుబ్బుకుంటాం.

"సంతకాలు పెట్టండయ్యా! మన పార్టీ!" అని ఆయన అందర్నీ వంటింట్లోంచి బయటికి పిలిచారు. సిటిజన్లం ముగ్గురమే. ఆయన, ఆయన బావమరిది కమ్ మేనేజరు రాధాకృష్ణ, నేను. ఇడ్లీలు, పచ్చళ్ళు చూసే వసంతలక్ష్మికి ఓటే లేదు గానీ, మొహమాటానికి అప్పటికే సంతకం చేసేసింది. హెరాల్డ్ దాన్ని మర్యాదగా కొట్టేసి వెళ్ళాక అందరం మళ్ళీ వంటింట్లోకి చేరాం.

ఓనరు ఇంత సంతోషంగా ఉండడం చూసి కూరలు వండే జయరాజు ధైర్యం చేశాడు. బాపట్ల మనిషి. గట్టిగా మాట్లాడి ఎరగడు.

"సార్, వచ్చే ఆదివారం మా అబిగేల్‌కి బాప్తిస్మం అండి. పదింటినుంచి ఒంటిగంటదాకా వదిలితే చాలండి."

పరంధామయ్య గారి మొహం గంభీరమైపోయింది. "జయరాజూ, ఇంక దేనికైనా అడుగు. గుడికీ చర్చికీ సెలవంటే నా సిద్ధాంతం ఒప్పుకోదు. నీ మేలు కోరే చెబుతున్నా."

"మేలు వద్దండి. మూడు గంటలు చాలండి."

"ఆదివారం బఫే ఎవడు చేస్తాడు బావా?" అన్నాడు రాధాకృష్ణ.

"అది మా బావమరిది బాధ. నాది సిద్ధాంతం," అన్నారు ఓనరు గారు.

"బఫే నేను చూసుకుంటానండి," అంది వసంతలక్ష్మి. "ఒక్కగానొక్క పిల్ల. తండ్రి లేకుండా ఎలాగండీ?"

ఓనరు గారు ఒక్క క్షణం ఆలోచించి గరిటె తీసి బల్లమీద కొట్టారు. "సరే. నేను డెమోక్రటిక్ మనిషిని. ఓటింగ్ పెడదాం! జయరాజుకి సెలవివ్వాలనేవాళ్ళు చేతులెత్తండి."

చూశారా? సిటిజన్‌షిప్‌తో పనిలేకుండా అందరికీ ఓటు! అమెరికాలో సోషలిజం ఇంత దగ్గరికి ఎప్పుడైనా వచ్చిందా?

జయరాజు చెయ్యి లేచింది. వసంతలక్ష్మి చెయ్యి లేచింది. వద్దనేవాళ్ళని అడిగితే పరంధామయ్య గారిదీ, రాధాకృష్ణదీ లేచాయి.

"చెయ్యెత్తు అన్నయ్యా!" అని నా పక్కనే గుసగుసగా అంది వసంతలక్ష్మి.

నేను రెండుసార్లూ ఎత్తలేదు. తటస్థంగా ఉండడం కూడా ఒక రాజకీయమే కదా? పైగా నేనుండేది రెస్టారెంట్ పైనున్న గదిలో. ఆ గది పరంధామయ్య గారిది.

"రెండు, రెండు. టై!" అన్నారు ఆయన. "టై అయితే చైర్మన్‌కి ఇంకో ఓటు. పాత పద్ధతే." చైర్మన్‌ని ఎప్పుడు ఎన్నుకున్నామో ఎవరూ అడగలేదు. ఆయన రెండో చెయ్యి కూడా ఎత్తారు.

వసంతలక్ష్మి నాతో, "ఏం అన్నయ్యా, చెయ్యి నొప్పా?" అంది.

"దోసె మాడిపోతుందనీ..."

"పెనం మీద దోసేదీ?"

ఆదివారం వచ్చింది. బాప్తిస్మం తర్వాత చర్చిలో అరవైమందికి భోజనాలు. ఆర్డరు ఎవరికిచ్చారు? మనవాడు వండుతాడు కదా అని మాకే ఇచ్చారు! తెల్లారకముందే లేచి జయరాజు తన కూతురి బాప్తిస్మం విందుకి బిరియానీ వండాడు. ఎంతమంది తండ్రులకి దొరుకుతుందండీ ఆ భాగ్యం?

ట్రేలు వేన్‌లో పెట్టుకుని పరంధామయ్య గారే స్వయంగా చర్చికి తీసుకెళ్ళారు. కేటరింగ్‌కి సిద్ధాంతం అడ్డం రాదు. రెండింటికి తిరిగొచ్చి నేరుగా వంటింట్లోకి వచ్చారు.

"జయరాజూ! పిల్ల భలే ధైర్యంగా మునిగిందయ్యా. పైకి రాగానే నీ బదులు నేనే తువ్వాలు అందించా!"

జయరాజు ఉల్లిపాయలు తరుగుతున్నాడు. "ఏడ్చిందా అండి?"

"అబ్బే. గుమ్మం వైపు మాత్రం రెండుసార్లు చూసింది. బిరియానీ ఇంకా రాలేదేమా అని కాబోలు."

"థాంక్సండి," అన్నాడు జయరాజు. తరగడం ఆపలేదు.

కాబట్టి పాఠకులారా, సోషలిస్టులు ఈ దేశంలో ఓడిపోవడం మన అదృష్టం. వాళ్ళే గెలిచి ఉంటే ఆదివారాలు వంటవాళ్ళంతా ఇళ్ళకి పోయేవాళ్ళు. మన హోటళ్ళుండే ఓక్ ట్రీ రోడ్ మీద మీకు బఫే ఎవడు పెడతాడు?

నవంబరులో ఓటింగ్‌కి వెళ్ళాను. కర్టెన్ వేసుకున్నాను. హెరాల్డ్ గారి అభ్యర్థి పేరు ఎక్కడో అంచున ఉంది. వెతికి మరీ నొక్కాను. బయటికొస్తుంటే ఛాతీ రెండంగుళాలు పెరిగింది. వంద ఏళ్ళ పోరాటాన్ని నేనొక్కణ్ణే భుజాన మోస్తున్నట్టు నడిచాను. ఆ అభ్యర్థి మామూలుగానే చిత్తుగా ఓడిపోయాడు.

నా ఓటుతో అతను గెలవడని నాకు ముందే తెలుసు. అందుకే అంత ధైర్యంగా వేశాను.

మే నెలలో, ఐదుగురున్న ఆ వంటింట్లో, నా ఒక్క చెయ్యి లేస్తే జయరాజు సెలవు గెలిచేది. అదీ నాకు తెలుసు.