గూడకొంగల మీటింగు

బాలసరస్వతి ఆ ఆదివారానికి వేసుకున్న పథకం ఎంత చిన్నదంటే, అందులో చెడిపోవడానికంటూ ఏమీ లేదు. బెజవాడలో మొదటి బస్సు పట్టుకుని కొల్లేటి ఒడ్డున దిగాలి. ఫారెస్టు రేంజరుగారి జీపు వచ్చేలోగా ఊళ్ళోవాళ్ళను కొందరిని తుమ్మతోపు దగ్గర కూర్చోబెట్టాలి. చెట్ల మీద గూళ్ళు కట్టుకుంటున్న గూడకొంగలను వాళ్ళకు చూపించి, అవి ఏమి తింటాయో, పిల్లల్ని ఎలా సాకుతాయో మెల్లగా నాలుగు మాటలు చెప్పాలి. అంతే. సాయంత్రానికి ఇల్లు చేరి ఇంత చారు పెట్టుకోవచ్చు.

ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరు. ఎవరూ అడగకపోయినా, బస్సు చార్జీ సొంతంగా పెట్టుకుని ప్రతి ఆదివారం ఆ పక్షుల రక్షణ కేంద్రానికి వచ్చి పనిచేసేది. కేంద్రమంటే మరేమీ కాదు, ఒక బోర్డూ, ఒక తోపూ, తోపు నిండా కొంగలూ. ఆ తోపును వంటచెరుకు కింద వేలం వేయాలని అటవీశాఖ నిర్ణయించింది. ఆవిడ కాళ్ళరిగేలా ఆఫీసు చుట్టూ తిరిగితే, చివరికి రేంజరు ఒక్క మాట అన్నాడు. "ఈ కొంగలు ఊళ్ళో జనానికి కావాలో వద్దో నాకు తెలియాలమ్మా. ఆదివారం వస్తాను. జనం కనబడితే వేలం సంగతి చూద్దాం."

అందుకని ఆవిడ వెళ్ళి, జనాన్ని పోగుచేసి పెట్టమని ఊరి ప్రెసిడెంటు వెంకటప్పయ్యను బతిమాలుకుంది. అక్కడే కొంప మునిగింది.

ఆదివారం బస్సు దిగుతుండగానే మైకు వినబడింది. "హలో... హలో... మైక్ టెస్టింగ్!" తోపు మీది కొంగలన్నీ ఒక్కసారిగా లేచి, గాల్లో ఓ చుట్టు చుట్టి, అనుమానంగా మళ్ళీ వాలాయి. బాలసరస్వతి చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని గట్టు వెంట పరుగెత్తింది. తోపు దగ్గర షామియానా వేశారు. మైకు బాకాలు కట్టడానికి వాళ్ళకు ఊరంతటిలో దొరికింది గూళ్ళున్న చెట్టే!

"ప్రెసిడెంటుగారూ, మైకెందుకండీ? కొంగలు బెదిరిపోతాయండీ! నిశ్శబ్దంగా జరుపుకుందామని చెప్పాను కదండీ!"

"నిశ్శబ్దంగా మీటింగేంటి టీచరుగారూ?" వెంకటప్పయ్య నిజంగానే తెల్లబోయాడు. "మా ఊళ్ళో చావుకి కూడా మేళం పెడతామండీ. పెద్దమనిషి వస్తుంటే నోళ్ళు మూసుక్కూచుంటే ఏమనుకుంటాడు? ఈ ఊరోళ్ళకి ఇష్టం లేదనుకోడూ?"

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. అదే ఆవిడ ఖర్మ. చేతులు జోడించి, దణ్ణాలు పెట్టి, ఎలాగైతేనేం మైకు ఆపించింది.

అప్పటిదాకా మోగుతున్న మైకు టక్కున ఆగితే ఊరంతా వింటుంది. చర్చివీధిలో శౌరయ్య కూడా విన్నాడు. చర్చి పండగలకు వాయించే బ్యాండుకు అతనే పెద్ద. "పాపం, టీచరమ్మగారి మైకు చెడిపోయినట్టుందిరా!" అని బ్యాండు మొత్తాన్ని బయల్దేరదీశాడు.

"మైకు పోతే పోయింది, మేం లేమా అమ్మగారూ? మీ మాట పోనిస్తామా?" అన్నాడు. ఆవిడ నోరు తెరిచేలోగా డ్రమ్ము మీద దెబ్బ పడింది. సగం కొంగలు లేచిపోయాయి. బాలసరస్వతి బ్యాండుకు అడ్డంగా వెళ్ళి ఆపమని రెండు చేతులూ ఊపింది. అయ్యో తల్లీ! బ్యాండు ముందు చేతులూపే మనిషిని ఆ ఊళ్ళో ఏమంటారో ఆవిడకేం తెలుసు? "అమ్మగారికి హుషారొచ్చింది, దంచండెహె!" అని అరిచాడు శౌరయ్య.

ఆవిడ గట్టు మీద కూలబడి ఏడ్చింది. ఎన్ని ఆదివారాలు, ఎన్ని బస్సులు, ఎంతమంది గుమాస్తాల ముందు నిలబడటం! అన్నీ తలుచుకుని మరీ ఏడ్చింది. దూరం నుంచి చూసిన వెంకటప్పయ్యకు వేరేగా అర్థమైంది. చర్చివీధివాళ్ళు బ్యాండంత బ్యాండు పెడితే, తమ వీధివాళ్ళు ఉత్త మైకుతో సరిపెట్టినందుకు టీచరుగారు నొచ్చుకుంది! పరువు తక్కువ కదా. మైకు మళ్ళీ పెట్టించి, అన్నగారింట్లో పెళ్ళికని దాచిన తాటాకు టపాకాయలు గంపతో దింపించాడు. గట్టు మలుపులో జీపు కనబడగానే అంటించేశారు.

ఆకాశం తెల్లబడింది. మిగిలిన కొంగలన్నీ కట్టగట్టుకుని లేచి, నీళ్ళ మీదుగా అవతలి ఒడ్డుకు వెళ్ళి, అక్కడి తోపు మీద వాలాయి. ఇవతల తుమ్మకొమ్మలూ సగం కట్టిన గూళ్ళూ మిగిలాయి.

రేంజరు జీపు దిగాడు. బ్యాండు మోగింది, మెడలో దండలు పడ్డాయి, రెండు వీధులవాళ్ళూ పోటీపడి చప్పట్లు కొట్టారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. తలెత్తి చెట్లవైపు చూస్తే ఒట్టు. బాలసరస్వతి ఆయన దగ్గరికెళ్ళి, "తప్పయిపోయిందండీ, ఒక్క కొంగ కూడా లేదండీ" అంది.

"కొంగలదేముందమ్మా! ఈ జనాన్ని చూడండి! నా సర్వీసులో ఇంత ఉత్సాహం చూడలేదు" అని మైకు అందుకున్నాడు. "ఈ తోపు మీద చెయ్యి పడనివ్వను! ఇక్కడి వేలం రద్దు!"

ఊరు ఊరంతా గోలగోలగా కేకలు పెట్టింది. బాలసరస్వతికి కూడా ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. తోపు ఉంటే చాలు, గొడవ సద్దుమణిగాక కొంగలే తిరిగొస్తాయి. ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడు.

"అయితే వంటచెరుకు మేం ఎటూ ఇవ్వాల్సిందే. వేలం మానలేను గానీ, చోటు మార్చగలను" అని రేంజరు నీళ్ళవైపు చెయ్యి చాచాడు. "అందుకని, ఈ తోపుకు బదులు అదిగో, ఆ అవతలి తోపు కొట్టించేస్తాం!"

"అయ్యా! కొంగలన్నీ అక్కడే వాలాయండీ!" అంది ఆవిడ.

రేంజరు మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, ఓపిగ్గా అడిగాడు. "అక్కడ ఊరుందా, అమ్మా?"

"లేదండీ."

"జనం?"

"లేరండీ. అందుకేనండీ అవి అక్కడికి..."

"మరి ఎవరికోసం ఉంచమంటారు చెప్పండి?"

ఆవిడ దగ్గర జవాబు లేకపోలేదు, కానీ శౌరయ్య బ్యాండు అందుకుంది. అది ఆగాక వెంకటప్పయ్య ఆవిడను వేదిక ఎక్కించి, మైకు ఆవిడ నోటికి సరిగ్గా సర్ది, కుర్చీలో కూర్చున్నాడు.

వందన సమర్పణ బాలసరస్వతి చేసింది.