నైసియా సభ, సుంగై సుమున్ బ్రాంచి

మనిషి బుర్రకు పదహారు వందల ఏళ్లనాటి తగాదా అంత ఆరోగ్యకరమైనది మరొకటి లేదు! ముప్పై ఏళ్లు ఎస్టేట్ డ్రస్సర్‌గా మందులిచ్చిన అనుభవంతో ఈ మాట చెబుతున్నాను.

నవ్వకండి. అడవుల్లో కమ్యూనిస్టులు తిరగబడ్డారని మలయాలో ఎమర్జెన్సీ వచ్చి, మా సుంగై సుమున్ రబ్బరు ఎస్టేట్ చుట్టూ ముళ్లకంచె వేసి, కర్ఫ్యూ పెట్టిన రోజులు మీకు గుర్తున్నాయా? సాయంత్రం క్లబ్బులో చదువుకున్నవాళ్లు నలుగురు కలిస్తే ఏం మాట్లాడుకోవాలి? కూలి రేట్ల గురించా? రబ్బరు పాలు తూచే వేలు అనేవాడు మాట్లాడాడు. పదకొండు రోజులు లాకప్‌లో ఉండి వచ్చాక మళ్లీ మాట్లాడలేదు.

అందుకే ఇక్కడి జార్జ్ టౌన్‌లో పాత పుస్తకాల అంగడిలో కొన్న క్రైస్తవ సంఘ చరిత్రను క్లబ్బుకు తెచ్చాను. అలెగ్జాండ్రియాలో అరియస్ అనే గురువు ఉండేవాడట. దేవుడి కుమారుణ్ని తండ్రే సృష్టించాడు, కాబట్టి కుమారుడు లేని కాలం ఒకటి ఉండేది అన్నాడు. కాదు, తండ్రిదీ కుమారుడిదీ ఒకే తత్త్వం, ఆయనకు ఆది లేదు అన్నాడు అతనేషియస్. చక్రవర్తి బిషప్పులందరినీ పిలిపించి నైసియాలో సభ పెట్టాడు. అరియస్ ఓడిపోయాడు గానీ తగాదా తీరలేదు.

దాన్ని మా క్లబ్బులో తీర్చేద్దామని పెద్ద కిరాణి రామదాసు గారూ నేనూ పూనుకున్నాం. ఎస్టేట్ గుమాస్తాను మేమిక్కడ కిరాణి అంటాం. ఆయనది అరియస్ పక్షం, నాది అతనేషియస్ పక్షం. ఇద్దరం శనివారం శనివారం రామభజన చేసుకునేవాళ్లమే, ఏ చర్చి మెట్టూ ఎక్కినవాళ్లం కాదు. అయితేనేం? పట్టుదలకు బాప్తిస్మం కావాలా?

ఎంత క్షేమమైన వాదమో చూడండి! టేబుల్ విరిగేలా గుద్దినా మేనేజరు దొరకు కోపం రాదు. మా అరుపులు విని గేటు దగ్గరి కానిస్టేబుల్ ఒకసారి లోపలికొచ్చాడు. విషయం తెలిశాక ఆవులించి వెళ్లిపోయాడు. అతనేషియస్‌నైతే ఐదుసార్లు ఊరినుంచి వెళ్లగొట్టారు. ఆయన పక్షం పట్టిన నన్ను ఒక్కసారి కూడా ఎవరూ పిలిచి అడగలేదు. ఇంత ధైర్యం ఇంత చవగ్గా ఇంకెక్కడ దొరుకుతుంది?

మెర్డెకా, అదే స్వాతంత్ర్యం, వచ్చింది. జెండా మారింది, మా పక్షాలు మారలేదు. రామదాసు గారు మా ఇంట్లో కాఫీ మానేశారు. భజనలో ఆయన తాళం వేస్తే నేను పాట ఆపేశాను.

అప్పుడు అచ్చమ్మ వచ్చింది. రబ్బరు చెట్లు గీసే మనిషి. నేను ఉద్యోగంలో చేరిన ఏడే మా కూలి లైన్లలో, ఆ వరస ఇళ్లలో, పుట్టింది. ఆ పుట్టుక రాసిన రిజిస్టరు జపాను వాళ్ల కాలంలో పోయింది. ఆగస్టు ఆఖరులోగా అర్జీ పెట్టుకుంటే మలాయ్ భాష పరీక్ష లేకుండానే పౌరసత్వం ఇస్తారట. ఇక్కడే పుట్టిందని తెలిసిన పెద్దలిద్దరు ఒకే కాగితం మీద సాక్షి సంతకాలు చెయ్యాలట. తెలిసి బతికున్నవాళ్లం ఇద్దరమే. బొడ్డు కోసింది నేను, రిజిస్టరులో రాసింది రామదాసు గారు.

పాఠక మహాశయులారా, మీరే చెప్పండి. అరియస్ సంతకం కింద అతనేషియస్ సంతకం చేస్తాడా? పై గీత నాకిస్తేనే చేస్తానన్నాను. దేవుడికీ సృష్టికీ తేడా చెరిపేసినవాడి కింద తాను చెయ్యనన్నారాయన. అచ్చమ్మ మూడు ఆదివారాలు ఆయన గుమ్మానికీ నా గుమ్మానికీ తిరిగింది. మూడో ఆదివారం నా మెట్ల మీద కూర్చుని, కాగితం ఒళ్లో పెట్టుకుని, నెమ్మదిగా అడిగింది.

"ఆ బాబు పుట్టినాడో నేదో మీకు తెల్దు. నాను పుట్టినానని మీ ఇద్దరికీ తెల్సు. తెల్సిందానికి సంతకం ఎట్టరేటి బాబూ?"

జవాబు కోసం పుస్తకంలో వెతికాను, అందులో లేదు. నిజం చెప్పమంటారా? సర్కారు కాగితం మీద పేరు పెట్టాలంటే ఇద్దరికీ భయమేసింది. రేపు ఎవరైనా పిలిచి అడిగితే? నైసియా గురించైతే ఎవరూ అడగరు!

ఆగస్టు వెళ్లిపోయింది. అచ్చమ్మ ఆ కాగితం మడిచి రవికలో దోపుకుని చెట్లు గీయడానికి పోయింది.

ఆది లేనివాడు దేవుడొక్కడేనని పదేళ్లు వాదించాను. ఇప్పుడు సర్కారు దృష్టిలో మా లైన్లలోనూ ఒక మనిషికి ఆది లేదు. ఆమెను అలా చేసింది మేమేనన్న విషయంలో మాత్రం రామదాసు గారికీ నాకూ భేదాభిప్రాయం లేదు.