అత్తగారి గొంతును కొత్త కంప్యూటరుకు చేర్చిన మహాసంగ్రామము

వినుడు, ఓ పాస్‌వర్డ్ విస్మరణ ధురంధరులారా! ఓపిక గలవారు కూర్చుండియు, లేనివారు పడుకొనియు వినుడు! భుక్తాయాస పీడిత సమస్త గృహస్థలోకము గుర్రుపెట్టుచున్న ఆదివార మధ్యాహ్న శుభవేళ, మూడవ అంతస్తు వాటాలో, ఎండ సరిగ్గా కంప్యూటరు తెరమీదనే పడు పడకగది మూలను, ఇస్త్రీ బట్టల గుట్టను పక్కకు నెట్టి సిద్ధపరచిన బల్లయను కదనరంగమున జరిగిన ఘోరసంగ్రామమును చెప్పెదను.

ఆ రంగమున నిలిచినవాడు ఇంటి యజమాని. కార్యాలయమున గుమాస్తా, స్వగృహమున మహావీరుడు. అర్ధపఠన చక్రవర్తి, అనగా ఏ కాగితమునైనను సగము చదివి, తక్కిన సగమును తానే ఊహించు మహామేధావి. “నాకు తెలుసులే” అనునది ఆయన సింహనాదము. ఆ నాదము వినబడినప్పుడెల్ల ఇంట ఏదో ఒక వస్తువు పాడగుట ఆనవాయితీ.

ఆయన యెదుట, పాత కంప్యూటరు పొట్ట విప్పి తీసిన హార్డ్ డిస్కు, ధూళిధూసరితమై, జరాభార జర్జరితమై, టక్కు టక్కుమని మూల్గుచుండెను. దానిలోని ఫైళ్ళను, వేరొక వ్యవస్థతో నడచు కొత్త కంప్యూటరులోనికి చేర్పవలెను. బావమరిది బహూకరించిన ఆ కొత్త యంత్రము పాతదానిలోని వ్రాతను చదువును గాని, దానిపై ఒక్క అక్షరమైనను వ్రాయదు. అంతటి అభిజాత్యము దానిది.

ఆ ఫైళ్ళలో పెక్కింటికై ఎవరును కన్నీరు కార్చరు. కాని అందొకచోట ఇల్లాలి తల్లి గొంతు కలదు. ఆమె పోయిన పిమ్మట లోకమున ఆ గొంతు మిగిలినది ఆ ఒక్క రికార్డింగులోనే.

“ఏమండీ, ఆ డిస్కు ఇవాళో రేపో అన్నట్టుంది,” అన్నది ఇల్లాలు. “మిగతావి పోతే పోనీండి. మా అమ్మ గొంతు పోయిందో, మీతో మాట్లాడను. చెప్తున్నా.”

“నాకు తెలుసులే,” అని గర్జించి, వీరుడు లుంగీ బిగించి డిస్కును సంబోధించెను: “ఓరీ శిథిల యంత్రాధమా! నీ కుక్షికుహరమున బందీకృతమైన మదీయ శ్వశ్రూ కంఠస్వరమును మర్యాదగా సమర్పించెదవా, లేక మద్భుజదండ ప్రచండ తాడనమున చూర్ణమయ్యెదవా?”

చూర్ణమైనచో గొంతు కూడ పోవునన్న సంగతి మహావీరునికి తట్టలేదు.

తీగ తగిలించినంతనే కొత్త కంప్యూటరు తెరపై అతి వినయముగా ఒక ప్రశ్న వెలసెను: “ఈ డిస్కును మీ బ్యాకప్ కోసం వాడమంటారా?” ఎంత మర్యాద! ఎంత సేవాభావము! మొదటి వాక్యముతోనే తృప్తిచెందిన అర్ధపఠన చక్రవర్తి, శత్రుసంహారోద్యత వామేతర తర్జనిని మౌస్‌పై మోపెను.

“ఆగండి!” అని ఇల్లాలు కేక పెట్టెను. “కిందేముందో చదివారా?”

కింద చిన్న అక్షరములలో ఉన్నది: “అలాగైతే ఇందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి.”

“చదివే నొక్కబోయాను,” అనెను వీరుడు. ఆయన నుదుటి చెమట మాత్రము వేరొక కథ చెప్పుచుండెను.

“సరే, రద్దు కొట్టండి. అమ్మది ఎక్కడుంది?”

ఇక్కడ మహావీరుని ముఖము వన్నె తగ్గెను. అడుగులెక్కడికో తప్పించుకొనజూచెను గాని, తలుపుకడ్డముగా ఇల్లాలే నిలిచియుండెను.

“ఇన్సూరెన్స్ అన్న ఫోల్డర్లో.”

“మా అమ్మ గొంతు ఇన్సూరెన్స్‌లో ఏం చేస్తోంది?”

“భద్రంగా ఉంటుందని...”

“మిమ్మల్ని తిట్టిందని దాచేశారు. అంతేగా?”

నిజమదియే. ఆ రికార్డింగు వినబడిన ప్రతిసారి నాలుగు మాటలకే దానినాపి, తుదకెవరును తెరువని ఫోల్డరు వెదకి అందు పూడ్చిపెట్టిన ఘనుడాయనయే.

గొంతును పట్టి కొత్త కంప్యూటరు వైపు లాగిరి. ఎంత చేరినదో చూపు పచ్చగీత తెరపై కదలెను. డిస్కు మూల్గెను, గీత ఆగెను. ఇల్లాలు బల్లపైకి వంగెను. గీత మరల కదలి చివరికి వెంట్రుకవాసి దూరమునకు వచ్చెను. “అయిపోయిందిలే!” అని వీరుడు తీగకై చేయి చాచెను. ఇల్లాలు ఆ చేతిని పట్టుకొని విడువలేదు. గీత నిండెను. మరుక్షణము డిస్కు కడసారి టక్కుమని, శాశ్వతముగా మౌనము వహించెను.

ఇల్లాలు ఆ ఫైలుపై నొక్కెను. గది నిండ ఆ గొంతు పలికెను:

“ఏమే, ఆ ఒక్క మేకు కొట్టడానికి మీ ఆయన పొద్దున్నుంచీ గోడ కొలుస్తూనే ఉన్నాడు. ఏ పని చెప్పినా సగమే. మిగతా సగం అడిగితే నాకు తెలుసులే అంటాడు.”

అలవాటుగా వీరుని చేయి ఆపుటకు పోయెను.

“ఈసారైనా పూర్తిగా విననివ్వండి,” అన్నది ఇల్లాలు, కొంగుతో కళ్ళొత్తుకొనుచు.

ఒక దగ్గు వినబడెను. కుర్చీ కిర్రుమనెను. పిమ్మట మరల అదే గొంతు, కొంచెము తగ్గి:

“అయినా మంచివాడేనే, పాపం. నా కళ్ళజోడు విరిగితే అడక్కుండానే అతికించి పెట్టాడు. ఒక పక్కే అనుకో. ఈ మాట అతనితో అనకు, నెత్తికెక్కుతాడు.”

ఇల్లాలు ఏడ్చుచునే నవ్వెను. వీరుడు ఇస్త్రీ బట్టల గుట్టపై చతికిలబడెను. ఇన్నాళ్ళును తానే నోరు నొక్కిన ఆ మెచ్చుకోలు ఆయన గుండెకు సూటిగా తగిలెను. సింహనాదము మాత్రము రాలేదు.

మ్రోగింపుడు జయభేరి! పాతడిస్కు సర్వస్వము అస్తమించెను. ఒక్క ఫైలు బ్రతికెను! ఓడినది డిస్కు, గెలిచినది అత్తగారు. ఆనాటినుండి మన మహావీరుడు ఇంటికి వచ్చినవారికెల్ల, “మా అత్తగారు నన్ను మంచివాడన్నారండీ, రికార్డింగు కూడా ఉంది,” అని చాటుచున్నాడు. “పాపం” అన్న మాటను, అతుకు ఒక పక్కేనన్న సంగతిని ఆయన ఇంతవరకు ఎవరికిని చెప్పలేదు.