కుడిచేతి వంతు

కొత్తకొఠారు జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివే నాంచారి, ఐదు దేశాల ఉమ్మడి ఆన్‌లైన్ తరగతిలో ఒక్క మాట చెబుదామని ఎనిమిదో తరగతిలో ఉండగా ఎత్తిన కుడిచేతిని, వంతు రాలేదు కనుక, పదో తరగతికి వచ్చినా దించలేదు. ఇందులో విడ్డూరమేమీ లేదని మండల కార్యాలయం మొదటి నెలలోనే తేల్చేసింది. ఆ కార్యాలయం వరండాలో, పాసుపుస్తకంలో పడ్డ తప్పు పేరు దిద్దించుకోవడానికి తొమ్మిదేళ్లుగా నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. ఆయన్నీ ఎవరూ విడ్డూరమనలేదు.

ఆ బడికి ప్రపంచాన్ని తెచ్చిపెట్టింది ఇంగ్లీషు చెప్పే శౌరయ్య మాస్టారు. చుట్టూ ఉప్పు మడులు, మధ్యలో నాలుగు గదుల బడి. పిల్లలకు ఇంగ్లీషు రావాలంటే అవతల వినేవాళ్లు ఉండాలి కదా అన్నది ఆయన బాధ. ఊళ్లో వినేది ఆయనొక్కరే, ఆయనకూ ఒక చెవి సరిగా పనిచేయదు. అందుకని దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టి, ‘మా ఊరి నీళ్లు’ అనే అంతర్జాతీయ ప్రాజెక్టులో తన తరగతికి చోటు సంపాదించారు. ఐదు దేశాల్లో ఐదు తరగతుల పిల్లలు తాము తాగే నీళ్లను పరీక్షించి, ఫలితాలను ఒకే పట్టికలో చేర్చి, ప్రతి గురువారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు తెర మీద కలుసుకుని మాట్లాడుకోవాలి. ఉత్తరాన ఉన్న ఒక చలిదేశపు బడి అందరికీ పెద్ద. అక్కడి మారెట్ టీచరు పేరు పెట్టి పిలిస్తేనే ఎవరైనా నోరు విప్పాలి.

పిల్లలు మూడు రోజులు తిరిగి ఊళ్లోని బావుల్నీ బోర్లనీ పరీక్షించారు. నోట్లో పోసుకుంటే ఊసేయాల్సినంత ఉప్పు. ఊరు తాగేది రోజు విడిచి రోజు మండలం నుంచి వచ్చే ట్యాంకరు నీళ్లు. ఆ ఉప్పు అంకెను పట్టికలో రాసి పంపింది నాంచారే. ఉప్పు మడుల్లో కూలికి వెళ్లే తిరపతమ్మ కూతురు, అక్షరం గుండ్రంగా రాస్తుంది, అంకెలో పొరపాటు పడదు.

పొరపాటు అవతల పడింది. పట్టికను అక్షర క్రమంలో పేర్చేటప్పుడు నాలుగో వరుస, ఐదో వరుస పేర్లు తారుమారయ్యాయి. చలిదేశపు సరస్సు నీళ్లు కొత్తకొఠారు పేరు మీదికి, కొత్తకొఠారు ఉప్పునీళ్లు చలిదేశపు ఊరి మీదికి వెళ్లాయి. జులై పదకొండు గురువారం తెర మీద పట్టిక కనిపించగానే నాంచారి అది పట్టేసింది. మాస్టారి దగ్గరికొచ్చి చెవిలో చెప్పింది, పనిచేసే చెవిలోనే.

“చెయ్యెత్తి నువ్వే చెప్పమ్మా,” అన్నారు మాస్టారు. “పిలిచేదాకా దించమాక.”

ఆ మాట అన్నందుకు ఆయన తర్వాత చాలా కుమిలిపోయారు. ఆ రోజు మాత్రం ఆయన ఛాతీ ఉప్పొంగింది. కొత్తకొఠారు పిల్ల ప్రపంచాన్ని దిద్దబోతోంది. చేయి లేచింది, తెర మీద ఆ పిల్ల పేరు పక్కన పచ్చటి గుర్తు వెలిగింది, వరుసలో ఆమెది ఆరువందల పన్నెండో నంబరని చూపించింది. గంట కొట్టారు, తెర ఆరిపోయింది.

నాంచారి చేయి ఎత్తే ఇంటికి వెళ్లింది. నియమావళిలో తొమ్మిదో అంశం స్పష్టంగా ఉంది: పిలుపు రాక ముందు చేయి దించినవారి పేరు వరుస నుంచి తొలగించబడును. ఇంటి దగ్గర కూడానా అని మాస్టారు మెయిలు పెడితే, నేర్చుకోవడం తరగతి గదికి పరిమితం కాదని మారెట్ టీచరు ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. పోనీ ఆ తప్పేదో నేనే చెబుతాను, నాలుగో వరుస నీళ్లు మావి, ఐదో వరుసవి మీవి అని మాస్టారు మళ్లీ రాశారు. ఇది విద్యార్థి కేంద్రిత ప్రాజెక్టు, పిల్లల మాటను పెద్దలు లాక్కోకూడదు, మీ పిల్ల నోటితోనే వినాలని మేమంతా ఎదురుచూస్తున్నాం అని జవాబు వచ్చింది. చివర్న నవ్వు ముఖం బొమ్మ కూడా ఉంది.

ఆగస్టులో ట్యాంకరు ఆగిపోయింది. కొత్తకొఠారు నీళ్లు అంతర్జాతీయ స్థాయిలో మంచినీళ్లుగా తేలినందున రవాణా అనవసరమని మండలం నుంచి కాగితం వచ్చింది. మాస్టారు పరుగున వెళ్లి విషయం చెబితే, అక్కడి అధికారి ఓపిగ్గా విని, పట్టికలో దిద్దుబాటు జరిగిన మర్నాడే ట్యాంకరు పంపుతామని రాతపూర్వకంగా హామీ ఇచ్చారు. చెడ్డవారేమీ కాదాయన. మాస్టారికి ఒక గ్లాసు మంచినీళ్లు కూడా ఇచ్చారు. చలిదేశపు ఊళ్లో మాత్రం పట్టిక చూసి కంగారుపడి, కొత్త నీటిశుద్ధి కేంద్రం కట్టుకున్నారు. సరస్సు నీళ్లనే ఇంకోసారి కడుక్కుని తాగుతున్నారు.

అలా ఒక ఊరి దాహమంతా నాంచారి చేతి మీద ఆగింది. ఆ సంగతి ఆ పిల్లకు తెలుసు. మూడు నెలలు దాటాక చేయి దించుదామన్నా దిగేది కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు భుజం తట్టి చూసి, ఎముకకు గానీ నరానికి గానీ జబ్బేమీ లేదని, పిలుపు వస్తే అదే దిగుతుందని చీటీ రాసిచ్చారు. తిరపతమ్మ కూతురి జాకెట్లకు కుడివైపు చేయి విప్పేసి గుండీలు కుట్టింది. ఎడంచేత్తో అన్నం తినడం ఇంట్లో ఎవరికీ నచ్చదు కనుక రెండు పూటలా తనే కలిపి ముద్దలు పెట్టేది. పదమూడేళ్ల పిల్ల నోరు తెరుచుకుని కూర్చునేది. మొదట్లో సిగ్గుపడేది, తర్వాత మానేసింది.

ఊరు కూడా సర్దుకుంది. నాంచారి రోడ్డు పక్కన నడుస్తుంటే ఆర్టీసీ బస్సులు ఆగేవి. ఎక్కదని తెలిసి కూడా డ్రైవర్లు ఆపేవారు, చేయెత్తితే ఆపాలని వాళ్లకూ నియమం ఉంది. రేవులో చేపల వేలంపాట జరిగేటప్పుడు అటు వెళ్లొద్దని పెద్దలు చెప్పారు. వార్షిక పరీక్షలు ఎడంచేత్తో రాస్తుంటే, ఇన్విజిలేటరు ఆమె కుడిచేయి చూసినప్పుడల్లా ఒక అడిషనల్ షీటు ఇచ్చి వెళ్లారు, మూడు గంటల్లో పద్నాలుగు షీట్లు పోగయ్యాయి. పక్క ఊరి నుంచి ఇద్దరు ముసలమ్మలు పసుపూ కుంకుమా పట్టుకుని దర్శనానికి వస్తే, ఇది తపస్సు కాదమ్మా, ప్రాజెక్టు పని అని చెప్పి మాస్టారు వాళ్లను పంపేశారు. నీళ్లకు రెండు మైళ్లు నడిచేటప్పుడు మాత్రం ఆ చేయి అక్కరకొచ్చింది. నెత్తిన బిందెకు అదే ఆసరా అయింది. బిందె పట్టుకుంటే చేయి ఎత్తినట్టేనా కాదా అని మాస్టారు భయపడి మెయిలు పెట్టారు. వేళ్లు విప్పి ఉంచినంత కాలం అభ్యంతరం లేదన్నారు.

ఆ ఏడాది ప్రాజెక్టు వార్షిక పత్రిక అట్ట మీద నాంచారి ఫోటో వేశారు. కింద ‘ఉత్సాహం’ అని రాశారు.

మరుసటి వేసవిలో, ఊరి నీటి అవసరం మీద గ్రామసభ పెట్టి తీర్మానం పంపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పంచాయతీ కార్యదర్శి ఫారం చదివారు. ట్యాంకరు అవసరం లేదని ఒప్పుకునేవారు చేతులెత్తండి అని అందులో ఉంది. రెండువందల మందిలో ఒక్కరూ ఎత్తలేదు. ముందు వరుసలో తల్లి పక్కన కూర్చున్న నాంచారి చేయి మాత్రం ఎత్తి ఉంది. కార్యదర్శి ఆ పిల్ల వంక, ఫారం వంక మార్చి మార్చి చూశారు. ఒప్పుకోనివారు చేతులెత్తండి అనే గడి ఆ ఫారంలో లేదు. అనుకూలం ఒకటి, వ్యతిరేకం నిల్ అని రాసుకున్నారు. తీర్మానం ఏకగ్రీవమైంది. సాక్షి సంతకం కావాలంటే శౌరయ్య మాస్టారు పెట్టారు. సంతకం పెట్టకపోతే సభ చెల్లదు, చెల్లకపోతే మళ్లీ పెట్టాలి, మళ్లీ పెట్టినా చేయి అక్కడే ఉంటుంది. ఆ సంతకం చేసినప్పటి నుంచీ మాస్టారు ఆ పిల్ల కళ్లలోకి చూసి పాఠం చెప్పలేకపోయారు.

నాంచారి పదో తరగతికి వచ్చిన ఆగస్టులో మెయిలు వచ్చింది. వచ్చే గురువారం మీ విద్యార్థిని వంతు, వ్యవధి నలభై సెకన్లు.

మాస్టారు దాన్ని అచ్చు తీసి పట్టుకుని తిరపతమ్మ ఇంటికి తనే వెళ్లారు. ఊరంతా పండగ వాతావరణం. వారం రోజులు సాధన. నాంచారి చెప్పాల్సింది రెండేళ్లుగా నోటికి వచ్చిన ఒక్క వాక్యమే, నాలుగో వరుస నీళ్లు మావి, ఐదో వరుసవి మీవి. అది నాలుగు సెకన్లలో అయిపోయింది. మాస్టారికి అది నచ్చలేదు. ఐదు దేశాల వాళ్ల ముందు లేచి, ముఖాన కొట్టినట్టు అలా మొదలుపెడితే మన బడి పరువేం కావాలి? గౌరవనీయులైన మారెట్ టీచరు గారికి, ఐదు దేశాల ఉపాధ్యాయులకు, నా తోటి విద్యార్థినీ విద్యార్థులకు నా నమస్కారములు, ఈ మహత్తర అవకాశం కల్పించినందుకు మీకందరికీ ధన్యవాదములు అని ఇంగ్లీషులో ముందు చేర్చారు.

“అయ్యన్నీ ఎందుకండి మాస్టారూ,” అంది నాంచారి. “మాట చెప్తే సరిపోద్ది గదా.”

“పద్ధతంటూ ఒకటుండాలమ్మా. ఎకాయెకిన తప్పు పడితే ఏమనుకుంటారు వాళ్లు?”

గడియారం పెట్టి చూశారు, నమస్కారాలతో కలిపి ముప్పయ్యారు సెకన్లు. ఇంకా నాలుగు మిగిలాయని సంతోషించారు.

గురువారం బడి కిటికీల చుట్టూ జనం. కొందరు ఖాళీ బిందెలతోనే వచ్చారు, ఇటునుంచి ఇటే ట్యాంకరు దగ్గరికి వెళ్లొచ్చని. మారెట్ టీచరు నాంచారి పేరును తప్పుగానే అయినా ప్రేమగా పిలిచారు. నాంచారి లేచి నిలబడి, ఒక్క అక్షరం తడబడకుండా గౌరవనీయులైన వారందరికీ నమస్కారాలు చెప్పింది, ధన్యవాదాలు చెప్పింది. అది విని ఐదు దేశాల పిల్లలూ ముచ్చటపడి చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగేదాకా ఆగడం మర్యాద కనుక నాంచారి ఆగింది. “నాలుగో,” అంది. తెర మీద వేరే దేశపు కుర్రాడు కనిపించాడు.

సాయంత్రం మెయిలు వచ్చింది. మీ విద్యార్థిని కృతజ్ఞతలు మా అందరి మనసులనూ తాకాయి. ఆమె వాక్యం అసంపూర్తిగా ఉన్నట్టు గమనించాం, కనుక చేయి ఎత్తి ఉంచుకోవచ్చు. కొత్త నంబరు రెండువేల మూడువందల నాలుగు.

జనం బిందెలు చంకన పెట్టుకుని పక్క ఊరి దారి పట్టారు. తిరపతమ్మ ఆగి, “బాగా మాట్లాడింది సారూ, మీ చలవ,” అని వెళ్లింది. తిట్టినా బాగుండేది. ఆయన ఖాళీ తరగతిలో బెంచీ మీద కూర్చుని పంచె అంచుతో కళ్లు తుడుచుకున్నారు. ఒక్క వాక్యం. నాలుగు సెకన్లు. మర్యాద నేర్పబోయి ఊరి నోరు ఎండగట్టానని ఆయనకు అర్థమైంది. అర్థమైనందువల్ల ఏమీ మారలేదు, అది మరీ బాధ.

ఆ నెలాఖరుకు కొత్త నియమం వచ్చింది. ఏ తరగతిలోనైనా కనీసం ఐదు చేతులు కొత్తగా లేవకపోతే ఆ బడిని నిష్క్రియంగా భావించి ప్రాజెక్టు నుంచి తప్పిస్తారు. తప్పిస్తే నాంచారి పేరు వరుసలోంచి పోతుంది. హెడ్‌మిస్ట్రెస్ భ్రమరాంబ గారు మాస్టారిని పిలిచి, ఎవరినెవరిని పెడదామని అడిగారు. మాస్టారు వద్దందామని వెళ్లి, ఎనిమిదో తరగతి హాజరు పట్టీ తెరిచి ఐదు పేర్లు రాసిచ్చారు. ఆ పిల్లలకు చెప్పాల్సిన మాట ఏదైనా ఉందా అని ఫారంలో ఎక్కడా అడగలేదు.

“ఎడమ చెయ్యి ఎత్తండమ్మా,” అన్నారు ఆయన ఆ ఐదుగురిని నిలబెట్టి. “కుడిచేత్తో అన్నం తినాలి, రాసుకోవాలి. ఈ ముక్క నాంచారికి ఆ రోజే చెప్పాల్సింది, నాకు తోచలేదు.” ఈ రెండేళ్లలో చేసిన తప్పులన్నిటిలోకీ అదే పెద్దదన్నట్టు ఆయన లెంపలేసుకున్నారు.

నాంచారిని పిలిపించారు. పదో తరగతి లెక్కల క్లాసు వదిలి వచ్చి, మోచేతి కింద దిండు ఎలా పెట్టుకోవాలో, తలంటుకునేటప్పుడు ఎవరి సాయం తీసుకోవాలో, గుంపులో వెళ్లేటప్పుడు ఎటువైపు నడవాలో ఓపిగ్గా చూపించింది. అందరిలోకీ చిన్నగా ఉన్న ఒక పిల్ల ఎంతసేపు ఎత్తాలక్కా అని అడిగింది.

“ఎంతోసేపు కాదులే,” అంది నాంచారి. “అలవాటయ్యేదాకా.”

ఐదు ఎడమచేతులు లేచాయి. శౌరయ్య మాస్టారు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి, ఐదు అని నమోదు చేశారు.