ఇద్దరికి సరిపడే పడవ

శుక్రవారం పొద్దున సింగపూర్ జురాంగ్ ఈస్ట్‌లోని తమ ఫ్లాట్‌కి తాళం వేస్తున్నప్పుడు శశికాంత్‌, భువనల పథకం చాలా చిన్నది. సరిహద్దు దాటి మలేషియాలోని జోహోర్ వెళ్ళాలి. అక్కడొక నదిలో చిన్న పడవ అద్దెకి తీసుకోవాలి. దారిలో గుడారం వేసుకుంటూ ఆదివారం సాయంత్రానికి సముద్రం దగ్గర తేలాలి. ఈ మధ్యలో ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి.

ఆఖరిది వాళ్ళకి కొత్త. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న భయం పుణ్యమా అని, పెళ్ళైన దగ్గర్నుంచీ ఇద్దరికీ ఊపిరాడని పని. అతనిది పగటి డ్యూటీ. ఆమెది లండన్ వేళలకి తగ్గట్టు రాత్రి డ్యూటీ. ఆమె వచ్చి చెప్పులు విప్పేసరికి అతను బూట్లు తొడుక్కుంటూ ఉండేవాడు. కాపురమంతా ఫ్రిజ్ మీద అంటించిన పసుపు చీటీలతో నడిచేది. తీరా సంవత్సరం మారితే కంప్యూటర్లేవీ ఆగలేదు. కంగారు తగ్గిన ఆఫీసులు మార్చిలో ఇద్దరికీ ఒకేసారి సెలవిచ్చాయి.

లిఫ్ట్ దగ్గర పక్క ఫ్లాట్ లీలావతి ఎదురైంది. ఆవిడా, జురాంగ్ ఐలాండ్‌లో ఇంజనీరుగా చేస్తున్న ఆవిడ భర్త సీతారామారావూ ఆ బ్లాకులో అందరికంటే పాత కాపురస్తులు.

"ఇద్దరూ కలిసే వెళ్తున్నారా అమ్మా?" అంది ఆశ్చర్యంగా.

"పడవ మీద ఆంటీ. ఆదివారం దాకా ఎవరికీ దొరకం. ఫోన్లు కూడా ఇంట్లోనే పడేశాం," అంది భువన.

లిఫ్ట్ తలుపు మూసుకున్నాక లీలావతి చాలాసేపు అక్కడే నిలబడింది. ఆ జంటకి బొత్తిగా పడదని ఆవిడకి గట్టి నమ్మకం. ఒకరొస్తుంటే ఒకరు వెళ్ళిపోవడం ఏడాదిగా కళ్ళారా చూస్తోంది మరి.

రేవు దగ్గర పడవల యజమాని యూసుఫ్‌ని అందరూ మర్యాదగా పాక్ యూసుఫ్ అంటారు. ఆయన వాళ్ళకి ఆకుపచ్చ పడవా, రెండు తెడ్లూ, ఈతరాని వాళ్ళు వేసుకునే జాకెట్లూ ఇచ్చాడు. అవసరమైతే ఎవరికి ఫోన్ చెయ్యాలని అడిగితే శశికాంత్ సీతారామారావు నంబరు చెప్పాడు.

"సముద్రం దగ్గర మా తమ్ముడుంటాడు. కొత్త జంట వస్తోందని చెప్తాను. నది తనే తీసుకెళ్తుంది లా," అన్నాడు పాక్ యూసుఫ్, అక్కడి అలవాటు ప్రకారం మాట చివర 'లా' చేర్చి.

నది నిజంగానే తీసుకెళ్ళింది. నీళ్ళ మీద మంచు ఇంకా విడలేదు. మడచెట్ల వేళ్ళు ఆ తెల్లదనంలోంచి మెల్లగా బయటికొచ్చి, పడవని చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోతున్నట్టున్నాయి. లకుముకి పిట్ట ఒకటి నీలంగా మెరిసి మాయమైంది. తెడ్డు ఎత్తితే జారే చుక్కల చప్పుడు తప్ప లోకంలో ఇంకేమీ లేదు.

"ఏడాదిగా నీ మొహం చూడలేదు. ఇప్పుడేమో నీ జడ చూస్తున్నాను," అన్నాడు వెనక కూర్చున్న శశికాంత్.

భువన వెంటనే అతని వైపు తిరిగి కూర్చుంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చెరో వైపూ తెడ్లు వేశారు. పడవ ఎటు వెళ్ళాలో తెలియక ఉన్నచోటే గిర్రున తిరిగింది. దాంతో తెడ్లు లోపల పెట్టేసి, కాళ్ళు చాపుకుని కబుర్లు మొదలుపెట్టారు.

"నీతో ఎప్పట్నుంచో ఒక మాట చెప్పాలని..." అంది భువన.

అంతవరకే. నెలల తరబడి బాకీ పడ్డ నిద్ర మాట మధ్యలోనే ఆమెని ఎత్తుకుపోయింది. ఆ మాటేమిటో అడుగుదామని నోరు తెరిచిన శశికాంత్ ఆవలింతతోనే ఆగిపోయాడు. వాళ్ళు నిద్రపోతుండగా సముద్రం పోటు మీదికొచ్చి నదిని వెనక్కి తోసింది. నది పడవని వెనక్కి తోసింది. వాళ్ళకి కలలో కూడా తెలియలేదు.

మెలకువొచ్చేసరికి పొద్దు వాలుతోంది.

"సూర్యుడు తప్పు దిక్కున అస్తమిస్తున్నాడే!" అన్నాడు శశికాంత్ దిక్సూచి తిప్పుతూ.

"నీ ప్రోగ్రామ్‌లో కూడా తప్పెప్పుడూ నీది కాదు," అంది భువన.

దట్టమైన అడవి మధ్యకి వచ్చేశామని నిశ్చయించుకుని, కనబడిన ఇసుక తిన్నె మీద గుడారం వేశారు. మసక చీకట్లో మడచెట్ల నిండా మిణుగురులు ఒక్కసారిగా వెలిగి, ఒక్కసారిగా ఆరాయి. భువన అతని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పడవని కట్టాల్సిన చెయ్యి. అందుకని పడవ ఇసుక మీద ఉత్తినే ఉండిపోయింది.

తెల్లారేసరికి పడవ లేదు. అన్నం, నీళ్ళు, భువన ఎడమకాలి చెప్పు అందులోనే ఉన్నాయి. ఒక ఉడుము మాత్రం గుడారం ముందు కూర్చుని వీళ్ళని తీరిగ్గా చూస్తోంది. దూరంగా కోడి కూసింది.

"అడవి కోడి," అన్నాడు శశికాంత్ గొంతు తగ్గించి. "చాలా లోపలికొచ్చేశాం భువనా."

పోటుకి లేచిన పడవ నిక్షేపంగా రేవుకి తిరిగొచ్చింది. ఖాళీ పడవనీ, ఒంటి చెప్పునీ చూసి పాక్ యూసుఫ్ వాళ్ళు మునిగిపోయారనుకున్నాడు. సీతారామారావుకి ఫోన్ చేసి, మోటారు పడవలో సముద్రం వైపు వెతకడానికి పరుగెత్తాడు. సీతారామారావు దంపతులు కారులో రేవుకొచ్చేసరికి అక్కడ ఆ ఆకుపచ్చ పడవ తప్ప ఎవరూ లేరు.

"ఇద్దరికీ పడదని ముందే చెప్పానండీ. తోసేసుకున్నారు!" అంది లీలావతి కళ్ళొత్తుకుంటూ.

సీతారామారావు గోదావరి ఒడ్డున పుట్టినవాడు. చూస్తూ కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. జాకెట్లు తగిలించుకుని, భార్యని ముందు కూర్చోబెట్టి, పడవ నీళ్ళలోకి తోశాడు. మొదటి మలుపు తిరిగేసరికి పోటు పోయి పాటు మొదలై, నీళ్ళు సముద్రం వైపు తీసేశాయి. పడవ బురదలో కూరుకుపోయింది.

"ఎవరైనా ఉన్నారా!" అని ఆయన పెట్టిన కేక విని, తిన్నె మీద ఆకలితో కూర్చున్న జంట ఉలిక్కిపడింది.

"అడవిలో తెలుగేమిటి?" అన్నాడు శశికాంత్.

మోకాళ్ళ లోతు బురదలో దిగి, ఇద్దరూ చెరో చెయ్యీ వేసి ఆ పెద్దవాళ్ళని పడవతో సహా ఒడ్డుకి లాగారు. ఒగరుస్తున్న లీలావతి ముందుగా అడిగింది ఒకటే:

"నిజం చెప్పండి. ఎవరు ఎవర్ని తోశారు?"

"తోసుకోవడమేంటి ఆంటీ? ఇద్దరం నిద్రపోయాం," అంది భువన.

లీలావతి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. బురద మొహాలతో వాళ్ళు ఒకరినొకరు చూసుకుని ఆగకుండా నవ్వుతున్నారు. ఆవిడ సంచిలోంచి పులిహోర తీసింది. అంత దుఃఖంలోనూ వంట మాత్రం మానలేదు.

వెతికి వెతికి తిరిగొచ్చిన పాక్ యూసుఫ్ నలుగుర్నీ చూసి, అడవీ అడవి కోడీ అని శశికాంత్ చెప్పింది విని తల పట్టుకున్నాడు.

"అడవేంటి లా? ఇది మా ఇంటి పెరడు. ఆ కోడి మాదే! ఇంత దగ్గరుంటారని ఇటు చూడనే లేదు."

ఆయనకి ఇంకో చిక్కుంది. ఆకుపచ్చ పడవ ఆదివారానికి తమ్ముడి దగ్గరుండాలి, అక్కడ వేరే వాళ్ళకి మాటిచ్చాడు. శశికాంత్ చేతులు బొబ్బలెక్కాయి. భువన ఎడమ చెప్పు తిరిగొస్తే కుడిది బురదలో పోయింది. అప్పటిదాకా నది వైపే చూస్తున్న లీలావతి నెమ్మదిగా అంది:

"ఏవండీ, సింగపూర్ వచ్చాక మనం ఎటైనా వెళ్ళామా?"

సీతారామారావు గొంతు సవరించుకున్నాడు. "పాటు మీద వెళ్తే కష్టమేం ఉండదేమో."

తెడ్డు ఎలా వెయ్యాలో, పడవ ఎలా కట్టాలో పాక్ యూసుఫ్ ఓపిగ్గా రెండుసార్లు చూపించాడు. గుడారం, మిగిలిన పులిహోర పెద్దవాళ్ళతో వెళ్ళాయి. పల్చటి ఎండలో ఆకుపచ్చ పడవ మలుపు తిరిగేదాకా భువన చెయ్యి ఊపుతూనే ఉంది.

శశికాంత్, భువన ఇంటికొచ్చి పడుకున్నారు. ఆదివారం మధ్యాహ్నం భువన కళ్ళు తెరిచేసరికి కర్టెన్ మీద ఎండ నీళ్ళలా కదులుతోంది. పక్కన శశికాంత్ ఇంకా ఉన్నాడు. మెలకువగానే ఉండి ఆమెనే చూస్తున్నాడు.

"ఆఫీసుకి వెళ్ళలేదా?" అంది మత్తుగా.

"నువ్వేదో మాట చెప్పబోయి నిద్రపోయావు."

"రాత్రి డ్యూటీ మానేస్తానని చెప్పేశాను ఆఫీసులో. పగలు ఇవ్వకపోతే ఉద్యోగమే మానేస్తానన్నాను."

శశికాంత్ లేచి కూర్చున్నాడు. "మరి... నేను నీ కోసమని పోయినవారమే రాత్రి డ్యూటీకి మార్పించుకున్నానే!"

 భువన దిండులో మొహం దాచుకుని, కడుపు నొప్పెట్టేదాకా నవ్వింది. మర్నాడు ఆఫీసులో ఎంత బతిమాలైనా మళ్ళీ పగటికి మార్పించుకుంటానని అతను ప్రమాణం చేశాకే తల ఎత్తింది.

సరిగ్గా ఆ సాయంత్రం, కొత్త జంట కోసం ఎదురుచూస్తున్న పాక్ యూసుఫ్ తమ్ముడు, పడవలోంచి పాటలు పాడుకుంటూ దిగిన తెల్ల జుట్టు దంపతుల్ని చూసి, మన నది ప్రయాణం మనుషుల్ని మరీ ముసలివాళ్ళని చేసేస్తోందని అన్నకి చెప్పాలనుకున్నాడు.