మూలిగే ఇరుసు, ముప్పై ఎనిమిది మంది వైద్యులు

జీపు వెనక ఇరుసు మూలగడం ఒక సంసారానికి పట్టగల అదృష్టాలన్నిటిలోకీ పెద్దది. నవ్వకండి! బాగా ఆలోచించే అంటున్నాను. ఆ అదృష్టాన్ని మూడు నెలలు నిండుగా అనుభవించినదాన్ని.

మా ఇల్లు కాఫీ కొండల్లో ఉంది. తారు రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి ఇంకో మూడు కిలోమీటర్లు పైకి రావాలి. మా ఆయన ఎవేలియో జీపు కదలకపోతే ఇక్కడ కాఫీ బస్తా కిందికి దిగదు, గ్యాస్ సిలిండరు పైకి ఎక్కదు. అలాంటి జీపు ఒక సోమవారం పొద్దున వెనక నుంచి 'ఊఁ...' అని మూలిగింది. ఆ క్షణం నుంచి మా ఆయన లోకానికి కావలసిన మనిషి అయిపోయారు.

ఆయన వెంటనే ఆ మూలుగుని ఫోనులో రికార్డు చేసి జీపు డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. గ్రూపులో ముప్పై ఎనిమిది మంది. సాయంత్రానికి ముప్పై ఎనిమిది రోగాలు తేలాయి. ఒకరు పళ్ళచక్రాలు అరిగాయన్నారు. ఒకరు షాఫ్టు జాయింటు అన్నారు. టైర్లలో గాలి ఎక్కువైందని ఒకరు, పెట్రోలు పల్చనైందని ఒకరు. సొంతానికి సైకిలు కూడా లేని ఒక పెద్దమనిషైతే, పాటలు గట్టిగా పెట్టుకుంటే సర్దుకుంటుందన్నారు. నా పెళ్ళి కుదిర్చినప్పుడు కూడా నా గురించి ఇంతమంది ఇంత శ్రద్ధగా మాట్లాడుకోలేదు!

ఇక ఆదివారాల సంగతి చెప్పాలా? కొట్టు నడిపే దోన్ అనీబాల్ (మా వైపు 'దోన్' అంటే 'గారు'), ఇంకో ముగ్గురు మిత్రులు, మా ఆయన. అయిదుగురూ మా వాకిట్లో జీపు కింద వెల్లకిలా పడుకునేవారు. బయటికి కాళ్ళు మాత్రమే కనిపించేవి. కాఫీలు అందించడం నా పని. ఎవరికి చక్కెర ఎంత వెయ్యాలో పాదాలు చూసి చెప్పగలిగే స్థితికి వచ్చాను. ఇరుసు బాగుంటే ఈ విద్య నాకు వచ్చేదా?

ఒక్క కారణం మాత్రం ఎవరి నోటా రాలేదు. మా దగ్గర అక్టోబరులో జీపుల ఊరేగింపు జరుగుతుంది. అరటి గెలలు, బస్తాలు, కుర్చీలు, మంచాలు అన్నీ జీపు వెనక కొండలా పేరుస్తారు. ఆ బరువుకి ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి. వెనక రెండు చక్రాల మీదే జీపు గిర్రున తిరుగుతుంటే, డ్రైవరు దిగి పక్కనే నడుస్తూ టోపీ తీసి దండం పెడతాడు. ఈసారి మొదటి బహుమతి మా ఆయనదే. మూలుగు మొదలైంది ఆ మర్నాడే. ఈ ముక్క నేను అనగానే జీపు కింద పది కాళ్ళూ బిగుసుకుపోయాయి.

"ఇరుసుకీ ఊరేగింపుకీ ఏం సంబంధం, లుస్ దారీ?" అన్నారు మా ఆయన కింద నుంచే, నన్ను పేరు పెట్టి. గుళ్ళో బూతుమాట ఆడినదానిలా నేను కాఫీ గ్లాసులు ఏరుకుని లోపలికి వచ్చేశాను.

ఇంట్లో ఇంకొకావిడ ఉంది. మా అత్తగారు ఒతీలియా. రెండు కళ్ళకీ శుక్లాలు. పద్నాలుగు నెలలు ఎదురుచూడగా ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. గురువారం పొద్దున ఏడింటికి టౌన్ ఆసుపత్రిలో ఉండాలి. పిలిచినప్పుడు పలకకపోతే పేరు మళ్ళీ వరస చివరికి పోతుంది. వరస చివర అంటే ఇంకో పద్నాలుగు నెలలు. ఇప్పటికే ఆవిడ మనవరాలి ముఖాన్ని చేత్తో తడిమి పోల్చుకుంటోంది.

కళ్ళు పోయినా చెవులు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. మా మామగారు ముప్పై ఏళ్ళు ఈ కొండల్లోనే జీపు నడిపారు. ఆవిడ పక్క సీటు వదల్లేదు.

"ఒరే ఎవేలియో, కుడి మలుపు తిరిగినప్పుడల్లా గరగర ఎక్కువవుతోంది. అప్పుడు బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. పోయింది ఎడమ బేరింగురా."

"అమ్మా, నీకు ఎదురుగా నిలబడ్డ కోడే కనపడదు. బేరింగు కనపడిందా?"

"బేరింగుని చూడక్కర్లేదు, వింటే చాలు. జాకీ ఎత్తి చక్రాన్ని చేత్తో తిప్పు. నీకూ వినపడుతుంది, చెవులుంటే."

నాకు కనపడింది నేనూ చెప్పాను. ఎడమ టైరు లోపలి వైపు తడిగా నల్లగా మెరుస్తోంది. ఆ నీడలో పడుకున్న కోళ్ళు నల్లటి వీపులతో లేచి వస్తున్నాయి. ఆయిలు కారుతోందన్నాను. "వాన నీళ్ళు" అన్నారు మా ఆయన. మూడు వారాలుగా వాన లేదు!

ఆ గురువారానికి ముందు సోమవారం దోన్ అనీబాల్ మందు కనిపెట్టారు. నేను వేయించడానికి దాచుకున్న మగ్గిన అరటిపళ్ళు పన్నెండు, తొక్కలతో సహా చిదిమి, ఇరుసు మధ్యనున్న ఇనుప బుర్రలోకి కూరారు. మంగళవారానికి మూలుగు ఆగిపోయింది. గ్రూపులో ముప్పై ఎనిమిది బొటనవేళ్ళు లేచాయి.

"విన్నావా అమ్మా? నయమైపోయింది."

"నయం కాలేదురా. నోట్లో గుడ్డ కుక్కారంతే. గరగర అలాగే ఉంది. గురువారం నన్ను ఇందులోనే తీసుకెళ్ళాలి, గుర్తుంచుకో."

"మంచంలో పడుకున్నట్టు తీసుకెళ్తాను, చూడు."

గురువారం అయిదున్నరకి బయల్దేరాం. రెండో కుడి మలుపులో ఎడమ వెనక చక్రం, దాన్ని తిప్పే ఇనుప కడ్డీతో సహా ఊడి వచ్చి, మమ్మల్ని దాటుకుని ముందుకు దొర్లిపోయింది. జీపు కొండవైపు కాలవలో కూలబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మాడిన అరటిపండు వాసన మాత్రం కమ్మగా వచ్చింది.

మా ఆయన దిగి ముందు ఏం చేశారనుకున్నారు? వీడియో తీసి గ్రూపులో పెట్టారు. ఆయన మిత్రబృందం పది నిమిషాల్లో వాలిపోయింది. నలుగురు మనుషులు, నాలుగు మోటారు సైకిళ్ళు! నాకు ప్రాణం లేచి వచ్చింది.

"దోన్ అనీబాల్, మా అత్తయ్యని కిందికి దింపండి. ఏడింటికి ఆపరేషన్."

"ఒక్క నిమిషం, లుస్ దారీ. ముందు ఇదేమిటో తేలనీ."

అయిదుగురూ జీపు కింద దూరారు. పాదాలు బయటికి వచ్చాయి. ఆరు దాటింది.

"అమ్మాయ్, చెయ్యి ఇలా ఇయ్యి" అంది మా అత్తగారు. "వీళ్ళు తేల్చేలోపు నా చెవులకి కూడా శుక్లాలు వస్తాయి."

రెండు కిలోమీటర్లు రాళ్ళ దారిలో దిగాం. ఆవిడ గుడ్డిగా, నేను కోపంగా. ఇద్దరికీ దారి సరిగ్గా కనపడలేదు. తారు రోడ్డు దగ్గర పాల వ్యాను ఎక్కించుకుంది. క్యాన్ల మధ్య ఇరుక్కుని, ఏడూ పదికి ఆసుపత్రి మెట్లెక్కాం. నర్సు ఆవిడ పేరు రెండోసారి పిలుస్తోంది. మూడోసారి పిలవదట.

ముందు కుడి కన్నుకి ఆపరేషన్ చేశారు. ఎడమ కన్నుకి ఇంకో నెల ఆగమన్నారు. ఈలోగా టౌన్ నుంచి వచ్చిన మెకానిక్కు జీపుని జాకీ మీద ఎత్తి, ఊడని కుడి చక్రాన్ని కూడా చేత్తో తిప్పి చూసి, రెండు వైపులా బేరింగులూ సీళ్ళూ మార్చేసి వెళ్ళాడు. ఊడింది ఎడమ బేరింగు పోయినందుకేనని చెప్పడానికి అతనికి ఒక్క నిమిషం పట్టింది. గ్రూపుని అడగలేదు, పాపం.

మొన్న ఆదివారం దోన్ అనీబాల్ కొట్టు ముందు అందరూ కూర్చున్నారు, పక్క బల్ల మీద నేనూ మా అత్తగారూ. "ఎడమ బేరింగే అని నేను మొదటిరోజే అన్నాను" అన్నారు మా ఆయన. నలుగురూ తలలూపారు. ఒకాయన తానూ అన్నానని గుర్తు చేశారు.

అందుకే పాఠకులారా, ఇరుసుది అదృష్టమంటున్నాను. అది ఒక్కసారి మూలిగితే నేల మీద పడుకుని మరీ విన్నారు. ఊడగానే అందరూ నమ్మారు. మా మాట నమ్మాలంటే మాలో ఏది ఊడి దొర్లాలో ఆ గ్రూపులో ఎవరినైనా అడిగి చెప్పండి!

ఆ రోజు కొట్టు ముందు మా అత్తగారు నల్లద్దాలు తీసి, కొత్త కంటితో ఆ అయిదు ముఖాలనీ ఒక్కొక్కటే నిదానంగా చూసింది. తర్వాత నా వైపు వంగి, అందరికీ వినపడేలా అంది:

"లుస్ దారీ, రెండో కన్ను తేదీ రద్దు చేయించెయ్యి. ఈ మాత్రం చూస్తే చాలు."